పల్లెలో సర్వే చేసి నమ్మదగిన డేటా తెచ్చుకోవడం ఎలా: విద్యా, సామాజిక పరిశోధకులకు సమగ్ర మార్గదర్శి

ఎం.ఎడ్., పీహెచ్‌డీ థీసిస్‌లలో మూడో అధ్యాయం తెరిస్తే 'సాధనం విశ్వసనీయత' అనే చిన్న పేరా కనిపిస్తుంది. ప్రశ్నావళిని కొందరికి ఇచ్చి చూశాం, క్రోన్‌బాక్ ఆల్ఫా (ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చూపే అంకె) 0.8 పైన వచ్చింది, కాబట్టి సాధనం నమ్మదగినదే అని రెండు వాక్యాల్లో తేల్చేసి తర్వాతి పేజీకి వెళ్లిపోతారు. ఆ అంకె తప్పని నేననడం లేదు. కానీ అది ప్రశ్నల కాగితానికి వచ్చిన మార్కు. ఆ కాగితం పట్టుకుని ఊళ్లోకి వెళ్లిన మనిషి ఎలా అడిగాడు, అడిగేటప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారు, తాళం వేసిన ఇల్లు ఎదురైతే ఏం చేశాడు, విన్న జవాబును ఏ గడిలో రాశాడు అన్నవాటి గురించి ఆల్ఫా ఒక్క ముక్క కూడా చెప్పదు. డేటా చెడిపోయేది ఎక్కువగా అక్కడే.

అందుకే ఈ మార్గదర్శిలో కంప్యూటర్ పని కంటే ఊళ్లో పనికే ఎక్కువ చోటు ఇచ్చాను. వివరించడానికి ఒకే అధ్యయనాన్ని ఉదాహరణగా పట్టుకుందాం: ఒక మండలంలో 3 నుంచి 5 తరగతుల పిల్లలు తెలుగు ఏ మేరకు చదవగలుగుతున్నారు, ఇంటి పరిస్థితికీ ఆ చదువుకూ సంబంధం ఏమిటి? విద్యాశాఖ విద్యార్థులూ, సోషియాలజీ వాళ్లూ, స్వచ్ఛంద సంస్థల వాళ్లూ తరచుగా తీసుకునే ప్రశ్నే ఇది.

మొదటి అడుగు: దేన్ని కొలుస్తున్నారో, ఏ దారిన కొలుస్తున్నారో ముందే రాసుకోండి

విశ్వసనీయత అంటే అదే విషయాన్ని అదే పద్ధతిలో మళ్లీ కొలిస్తే దాదాపు అదే ఫలితం రావడం. సప్రమాణత అంటే మనం కొలవాలనుకున్నదాన్నే కొలవడం. ఈ తేడా బి.ఎడ్. పరీక్ష కోసం అందరూ చదివిందే. ఊళ్లో మాత్రం రెండూ కలిసిపోయి కనిపిస్తాయి, విడదీసి చూడటం అలవాటు చేసుకోవాలి.

టీచర్ల హాజరు సంగతి చూడండి. బడి రిజిస్టరు చూసి కొలిస్తే ఈ నెలా, వచ్చే నెలా దాదాపు ఒకే అంకె వస్తుంది. అంకె నిలకడగానే ఉంది, కానీ అది కొలిచేది సంతకాలను. మైకేల్ క్రెమర్, కార్తీక్ మురళీధరన్ తదితరులు దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు ముందుగా చెప్పకుండా మనుషుల్ని పంపి, ఆ క్షణాన టీచరు బడిలో ఉన్నారా లేదా అని కళ్లారా చూసి రాయించారు. 2005లో వచ్చిన ఆ అధ్యయనంలో గైర్హాజరు 25 శాతంగా తేలింది. కొలిచే దారి మారేసరికి బొమ్మే మారిపోయింది.

పిల్లల పరీక్షలకూ ఇదే వర్తిస్తుంది. అభిజీత్ సింగ్ అనే ఆర్థికవేత్త మధ్యప్రదేశ్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో చేసిన పని ఇక్కడ చెప్పుకోవాలి. బడి టీచర్లే కాగితం మీద పరీక్ష పెట్టినప్పుడు పిల్లల స్థాయి ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో ట్యాబ్‌ల మీద పెట్టిన పరీక్షలో ఆ ఉబ్బు చాలావరకు తగ్గింది. కాబట్టి మన మండలం అధ్యయనంలో 'పిల్లల చదువు' అంటే బడి మార్కులా, హెడ్మాస్టర్ ఇచ్చిన గ్రేడా, లేక మనం ఇంటికి వెళ్లి పిల్లవాడి చేత చదివించి చూసిందా? ఒక్క వాక్యంలో రాసి గోడకు అంటించుకోండి. నా మటుకు నేను మూడోదాన్నే ఎంచుకుంటాను. పని ఎక్కువే, కానీ ఆ కొలత మన చేతిలో ఉంటుంది.

రెండో అడుగు: ప్రశ్నను ఆ ఊరి మాటలోకి తేండి

ఇంగ్లిషులో తయారైన ప్రశ్నావళిని తెలుగు చేసి తీసుకెళ్లడం మామూలే. ఒకరు తెలుగు చేశాక, అసలు ప్రతిని చూడని మరొకరి చేత దాన్ని తిరిగి ఇంగ్లిషు చేయించి రెండు ఇంగ్లిషు ప్రతులనూ పోల్చాలి. ఇది తప్పకుండా చేయండి. అయితే దీనితోనే సరిపోదు. గ్రాంథికంగా, తప్పులు లేకుండా ఉన్న తెలుగు వాక్యం కూడా ఊళ్లో అర్థం కాకపోవచ్చు. 'మీ కుటుంబ వార్షిక స్థూల ఆదాయం ఎంత?' అని అడిగితే ఎన్యూమరేటర్ (ఇళ్లకు వెళ్లి ప్రశ్నలు అడిగి జవాబులు రాసే మనిషి) దాన్ని తన మాటల్లో మార్చి చెప్పక తప్పదు. పదిమంది ఎన్యూమరేటర్లు పది రకాలుగా మారుస్తారు. మీరు ఒక ప్రశ్న వేశాననుకుంటారు, ఊళ్లో వినబడేవి పది ప్రశ్నలు. అందుకే మొదటి నియమం: కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చదివితే చాలు, ఇక విడమరిచి చెప్పక్కర్లేదు అనేలా ప్రశ్న ఉండాలి.

ఆదాయం సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి చెబుతున్నాను. నేరుగా అడిగితే రేషన్ కార్డు ఎక్కడ పోతుందోనన్న భయంతో జనం తక్కువే చెబుతారు. వాళ్లు అబద్ధాలకోరులు కారు. కాగితం పట్టుకుని వచ్చినవాళ్లు ప్రభుత్వం మనుషులు కారని నమ్మడానికి వాళ్లకు ఏ ఆధారమూ లేదు. ఆదాయం బదులు భూమి, పశువులు, ఇంటి పైకప్పు, బైక్, ఫ్రిజ్, గత 7 రోజుల్లో చేసిన కూలి పనులు విడివిడిగా అడగండి. జవాబులు నిలకడగా వస్తాయి.

భూమి అడిగేటప్పుడు కొలతల్లో జాగ్రత్త. తెలంగాణలో ఎకరాలు, గుంటలు అంటారు. ఎకరానికి 40 గుంటలు. ఆంధ్ర వైపు సెంట్లు, ఎకరానికి 100. 'ఎకరం ఇరవై' అన్న మాటను 1.20 అని రాశారనుకోండి, ఆంధ్రలో అది సరిగ్గా సరిపోతుంది, తెలంగాణలో అసలు విస్తీర్ణం ఎకరంన్నర. ఎకరాలకు ఒక గడి, గుంటలకో సెంట్లకో వేరే గడి పెట్టండి. లెక్క కంప్యూటర్ చేసుకుంటుంది. ధాన్యం బస్తాల్లో చెబితే బస్తా ఎన్ని కిలోలో పక్కనే రాయించండి. 75 కిలోల బస్తా ఒకచోట, 40 కిలోల సంచి ఇంకోచోట నడుస్తాయి.

వయసు మరో చిక్కు. పుట్టిన తేదీ కాగితం లేని పెద్దవాళ్లు వయసును 40, 45, 50 అని గుండ్రంగా చెబుతారు. ఇది మన జనగణన లెక్కల్లోనూ కనిపించే పాత సమస్యే. దీన్ని కొలవడానికి విప్పుల్ (Whipple) సూచిక అని ఒకటుంది. 23 నుంచి 62 ఏళ్ల మధ్య వాళ్లలో 0తో, 5తో ముగిసే వయసులు ఎన్ని ఉన్నాయో చూస్తుంది. సూచిక 100 వస్తే గుండ్రం చేయడం లేదని, 500 వస్తే అందరూ గుండ్రం చేశారని అర్థం. మందు ఏమిటంటే, ఊరి జ్ఞాపకాలతో ఒక ఘటనల క్యాలెండర్ తయారు చేసుకోవడం. కృష్ణా జిల్లా తీరంలో అయితే 1977 నవంబరు దివిసీమ ఉప్పెన, కోనసీమలో 1996 నవంబరు తుపాను, కర్నూలు వైపు 2009 అక్టోబరు వరద, విశాఖలో 2014 అక్టోబరు హుద్‌హుద్. తెలంగాణ అంతటా 2014 జూన్ 2. గోదావరి ఒడ్డున 2003, 2015 పుష్కరాలు, కృష్ణ ఒడ్డున 2004, 2016 పుష్కరాలు. 'పెద్దబాబు పుష్కరాలప్పుడు కడుపులో ఉన్నాడా, పుట్టాడా?' అని అడిగితే తల్లి తడుముకోకుండా చెబుతుంది. మండలం మారితే క్యాలెండర్ కూడా మార్చుకోవాలి.

'రోజూ బడికి పంపిస్తారా?' అని అడిగితే పంపిస్తామనే అంటారు, ఎవరైనా అంతే. 'నిన్న బడి ఉందా? బాబు వెళ్లాడా? మొన్న?' అని రోజులు పేర్కొని అడగండి. వ్యతిరేకార్థం మీద వ్యతిరేకార్థం పెట్టే వాక్యాలు తెలుగులో మరీ ఇబ్బంది. 'ఆడపిల్లను పై చదువులకు పంపకపోవడం తప్పు కాదని మీరు అనుకోవడం లేదా?' అంటే 'అవునండి' అంటారు. ఆ అవును దేనికో మీకూ తెలియదు, వాళ్లకూ తెలియదు.

రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రవేశపెట్టిన ఐదు మెట్ల స్కేలు మన విద్యా పరిశోధనలో అన్నిటికీ వాడేస్తున్నారు. కాలేజీ విద్యార్థులకు బాగానే పనికొస్తుంది. చదువుకోని తల్లిదండ్రులకు 'పూర్తిగా అంగీకరిస్తాను', 'అంగీకరిస్తాను' మధ్య తేడా నోటితో చెబితే అందదు. ముందు 'ఔనంటారా, కాదంటారా' అని అడిగి, తర్వాత 'గట్టిగానా, కొంచెంగానా' అని రెండో ప్రశ్న వేయండి. ఎన్యూమరేటర్‌ను మెప్పించాలని అన్నిటికీ ఔననేవాళ్లు ఉంటారు కాబట్టి కొన్ని వాక్యాలను అర్థం తిరగేసి కూడా పెట్టాలి.

ప్రశ్నావళి సిద్ధమయ్యాక అసలు సర్వేకు ఎంచుకోని ఊళ్లో పైలట్ (చిన్న ప్రయోగ సర్వే) చేయండి. పైలట్‌లో చూడాల్సింది జవాబుల్ని కాదు, ప్రశ్న విన్నాక మనిషి ముఖాన్ని. 'ఇప్పుడు నేనేం అడిగానో మీ మాటల్లో చెప్పండి' అని కొందరినైనా అడగండి. ఎక్కడ తడబడ్డారో అక్కడ ప్రశ్న తిరగరాయాలి.

మూడో అడుగు: ఏ ఇంటికి వెళ్లాలో ఎన్యూమరేటర్ ఇష్టానికి వదలకండి

ఎన్యూమరేటర్ ఇష్టానికి వదిలేస్తే బస్సు ఆగే చోట, రచ్చబండ చుట్టూ, మాట్లాడేవాళ్లు దొరికే ఇళ్లే వస్తాయి. ఊరి చివరి ఎస్సీ కాలనీ, అవతలి తండా, కొండ మీద గూడెం రావు. రేపు ఇంకొకరు అదే ఊరికి వెళ్తే వేరే ఇళ్లు వస్తాయి. అంటే అదే ఊరు, అదే ప్రశ్న, వేరే ఫలితం. విశ్వసనీయత అక్కడే పోయింది.

ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన, పల్లె పిల్లల చదువును ఇళ్లకు వెళ్లి పరీక్షించే 'అసర్' సర్వే పద్ధతి నేర్చుకోవడానికి మంచి నమూనా. జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు. ఊరంతా ముందు నడిచి, ఊరివాళ్లతో మాట్లాడుతూ పటం గీస్తారు. ఊరిని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగం మధ్య నుంచి బయలుదేరి, ఎడమచేతి వైపున ప్రతి ఐదో ఇంటికి వెళ్తూ భాగానికి ఐదేసి ఇళ్లు తీసుకుంటారు. ఎవరు వెళ్లినా ఇవే నియమాలు. మీ అధ్యయనం చిన్నదైనా ఇలాంటి రాతపూర్వక నియమం ఉండాలి. ఊరిని భాగాలు చేసేటప్పుడు ఆవాసాలన్నీ పటంలోకి వచ్చాయో లేదో ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీ టీచర్‌నో అడిగి సరిచూసుకోండి. ఊరి ఇళ్లన్నీ వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియవు.

తాళం వేసి ఉంటే? పక్కింటికి వెళ్లిపోవడం సులువు. కానీ పగలంతా తాళం వేసి ఉండేది కూలికి వెళ్లినవాళ్ల ఇళ్లే. వాళ్లను వదిలేస్తే పేద ఇళ్లనే వదిలేసినట్టు. సాయంత్రం ఒకసారి, మర్నాడు పొద్దున్నే ఒకసారి మళ్లీ వెళ్లాలి, అప్పటికీ దొరక్కపోతే 'దొరకలేదు' అని కారణంతో సహా రాయాలి అన్నది నియమంగా పెట్టండి. పిల్లల్ని పరీక్షించాలంటే ఆదివారాలు మంచివి. పత్తి తీతలు, మిరప కోతల రోజుల్లో పిల్లలు చేలల్లో ఉంటారు. పాలమూరు, అనంతపురం వైపు కుటుంబాలకు కుటుంబాలే వలస వెళ్లే నెలలుంటాయి. సంక్రాంతికి ఊరు నిండుగా ఉంటుంది కానీ సర్వేకు ఎవరికీ తీరికుండదు. తేదీలు వేసుకునేటప్పుడే ఇవన్నీ లెక్కలోకి తీసుకోండి.

నాలుగో అడుగు: ఇద్దరు చూస్తే ఒకే మాట రావాలి

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించే అడుగు ఇది. కానీ మన థీసిస్‌లలో దీన్ని దాదాపు ఎవరూ రాయరు.

అసర్ చదివే పరీక్షలో నాలుగు మెట్లుంటాయి: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లవాడికి ముందు పేరా ఇస్తారు. ధారగా, మూడు తప్పులకు మించకుండా చదివితే కథకు వెళ్తారు, లేకపోతే పదాలకు దిగుతారు. ఐదు పదాల్లో నాలుగు సరిగ్గా చదవాలి. వినడానికి ఎంతో తేలిక.

ఇప్పుడు ఒక వరండాలో కూర్చుని చూడండి. నాలుగో తరగతి పాప పేరా చదువుతోంది. 'చె…ట్టు… చెట్టు కింద… ఒక… కుక్క…' అని కూడబలుక్కుంటోంది. ఒక పదం తప్పు చదివి తనంతట తనే దిద్దుకుంది. ఒక వాక్యం వేలు పెట్టుకుని గబగబా చదివేసింది. నాయనమ్మ పక్కనుంచి ఒక పదం అందించింది. పేరా అయిపోయింది. ఒక ఎన్యూమరేటర్ 'పేరా చదవగలదు' అని టిక్ పెట్టాడు. రెండో ఎన్యూమరేటర్ 'పదాలు' దగ్గర పెట్టింది. ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరికీ శిక్షణ ఉంది.

తేడా ఎక్కడ వచ్చిందో ఒక్కొక్కటిగా విప్పి నియమాలు రాసుకోవాలి. తనంతట తాను దిద్దుకుంటే తప్పు లెక్కకు రాదా? పక్కవాళ్లు అందిస్తే ఏం చేయాలి? ఆ పేరా వదిలేసి, అదే స్థాయిలో ఉన్న మరో పేరా ఇవ్వాలి. ఇందుకోసం ఒకే స్థాయి ప్రతులు రెండు మూడు చేతిలో ఉంచుకోవాలి. నెమ్మదిగా చదివినా వాక్యంలా చదివితే సరేనా? అసర్‌లో సరేనంటారు, పదాలు విడివిడిగా ఏరుకున్నట్టు చదివితే మాత్రం కాదు. ఇక యాస. కాగితం మీద 'వచ్చింది' అని ఉంటే కరీంనగర్ పిల్ల 'అచ్చింది' అని చదవచ్చు. 'వెళ్లాడు' అన్నదాన్ని 'ఎల్లాడు' అనే పిల్లలు ఎందరో. ఆ పిల్లకు అక్షరం తెలుసు, పదం తెలుసు, తన ఇంట్లో పలికినట్టు పలికింది. దాన్ని తప్పుగా వేస్తే మనం కొలిచింది చదువును కాదు, యాసను. కోయ, గోండి, లంబాడీ ఇంటిభాషగా ఉన్న పిల్లల దగ్గర ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి. వీలైతే ఆ భాష తెలిసిన ఎన్యూమరేటర్‌నే పంపండి.

నియమాలు రాశాక పరీక్ష పెట్టాల్సింది పిల్లలకు కాదు, ఎన్యూమరేటర్లకు. ఒకే పిల్లవాడు చదువుతుంటే ఇద్దరు విడివిడిగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా మార్కు వేయాలి. తర్వాత ఎంతవరకు ఏకీభవించారో లెక్క కట్టాలి. ఉత్త శాతం చాలదు, ఎందుకంటే గుడ్డిగా టిక్కులు పెట్టినా కొన్ని కలుస్తాయి. ఆ కాకతాళీయ ఏకీభావాన్ని తీసేసి చూపేదే జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన కప్పా.

చేత్తో చేసి చూద్దాం. 100 మంది పిల్లలు. 40 మందిని ఇద్దరూ 'చదవగలరు' అన్నారు, 40 మందిని ఇద్దరూ 'చదవలేరు' అన్నారు. 12 మందిని మొదటివాడు మాత్రమే చదవగలరన్నాడు, 8 మందిని రెండో ఆమె మాత్రమే. ఏకీభావం 80 శాతం. మొదటివాడు మొత్తం 52 మందిని, రెండో ఆమె 48 మందిని చదవగలరన్నారు. కాకతాళీయంగా కలిసే వాటా 0.52 × 0.48 కి 0.48 × 0.52 కలిపితే 0.4992. కప్పా అంటే 0.80 నుంచి 0.4992 తీసేసి, వచ్చినదాన్ని 1 నుంచి 0.4992 తీసేసినదానితో భాగించడం. జవాబు 0.60. ల్యాండిస్, కోక్ 1977లో ఇచ్చిన పట్టిక ప్రకారం ఇది 'మధ్యస్థం'. నేనైతే ఈ ఇద్దర్నీ ఇంకా ఊరికి పంపను. మళ్లీ కూర్చోబెట్టి, తేడా వచ్చిన 20 కేసులూ మాట్లాడించి, ఇంకో రోజు మళ్లీ పరీక్షిస్తాను. 0.8 దాటితే నిశ్చింతగా పంపవచ్చు.

కప్పాకు ఒక పరిమితి ఉంది. దాదాపు పిల్లలందరూ చదివేసే ఊళ్లో శిక్షణ పరీక్ష పెట్టారనుకోండి. 100లో 90 మందిని ఇద్దరూ చదవగలరన్నారు, ఇద్దర్ని ఇద్దరూ చదవలేరన్నారు, మిగతా 8 మందిలో చెరో నలుగురి దగ్గర తేడా. ఏకీభావం 92 శాతం, కప్పా మాత్రం 0.29. అందుకే అన్ని స్థాయుల పిల్లలూ ఉన్నచోటే ఈ పరీక్ష చేయాలి. నివేదికలో శాతం, కప్పా రెండూ ఇవ్వాలి. అక్షరం, పదం, పేరా, కథ అని మెట్లుగా ఉన్నప్పుడు వెయిటెడ్ కప్పా వాడండి. కథకూ పేరాకూ మధ్య తేడా చిన్నది, కథకూ అక్షరానికీ మధ్య తేడా పెద్దది అన్న విషయాన్ని అది లెక్కలోకి తీసుకుంటుంది.

ఐదో అడుగు: ఇంటి ముంగిట

ఎవరి పరిశోధన, ఎందుకు, ఎంతసేపు పడుతుంది, ఇష్టం లేకపోతే మానేయవచ్చు, పథకాలకూ దీనికీ సంబంధం లేదు. ఈ ఐదు ముక్కలూ ప్రతి ఇంట్లో ఒకే మాటల్లో చెప్పాలి. 'ఇల్లు వస్తుంది', 'పేరు రాసుకుంటున్నాం' లాంటి ఆశ కల్పించే మాట ఒక్కటి దొర్లినా ఆ ఊరి జవాబులన్నీ పేదరికం వైపు ఒరుగుతాయి. అంతకంటే ముఖ్యంగా, అది ఆ కుటుంబానికి చేసే అన్యాయం.

సర్పంచ్‌నో, వీధి పెద్దనో వెంటబెట్టుకుని ఇళ్లకు వెళ్లకండి. ఊళ్లోకి రాగానే కలిసి, విషయం చెప్పి, అక్కడే సెలవు తీసుకోండి. ఆడవాళ్లను అడగాల్సినవి ఆడవాళ్లే అడగాలి. అత్తగారు పక్కనుంటే కోడలి జవాబు ఒకలా, లేకపోతే ఇంకోలా ఉంటుంది. పంపించేయడం కుదరదు కాబట్టి, ప్రశ్నావళి చివర 'అడిగేటప్పుడు ఎవరెవరు ఉన్నారు' అన్న గడి పెట్టండి. తర్వాత విశ్లేషణలో ఆ తేడా కొలవవచ్చు.

పిల్లవాడిని పరీక్షించేటప్పుడు ముందు కాసేపు పేరు, ఆట, దోస్తులు మాట్లాడాలి. కొత్త మనిషిని చూసి బిగుసుకుపోయిన పిల్లవాడి దగ్గర మనం కొలిచేది టెన్షన్‌నే. చదవలేకపోయిన పిల్లవాడిని అందరి ముందూ 'రాదు' అనకండి, వాళ్లమ్మతోనూ అనకండి. చివరగా వాడికి వచ్చిన అక్షరాలో పదాలో మళ్లీ చదివించి, 'బాగా చదివావు నాన్నా' అని లేవండి.

ఆరో అడుగు: రోజు గడవకముందే తనిఖీ

ఫోన్‌లో కోబో, ఓడీకే లాంటి సర్వే యాప్‌లు వాడితే మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, స్థలం వాటంతటవే నమోదవుతాయి. ప్రతి రాత్రీ పడుకునేముందు వాటిని చూడండి. పైలట్‌లో అరగంటకు పైగా పట్టిన ప్రశ్నావళి ఒకరి దగ్గర పది నిమిషాల్లో అయిపోతోందా? ఒక ఎన్యూమరేటర్ ఫారాల్లోనే 'తెలియదు' అన్నవి కుప్పలుగా ఉన్నాయా? వరుసగా అన్నిటికీ ఒకే గడిలో టిక్ ఉందా? రోజులు గడిచేకొద్దీ 'లేదు' జవాబులు పెరుగుతున్నాయా? ఈ చివరిది గమనించాలి. 'ఉంది' అని రాస్తే దాని కింద ఇంకో ఆరు ప్రశ్నలు తెరుచుకుంటాయని వారం తిరిగేసరికి ఎవరికైనా తెలిసిపోతుంది. అలసిన చెయ్యి 'లేదు' వైపే వెళ్తుంది.

పూర్తయిన ఇళ్లలో పదింట ఒకటి చొప్పున, ఏవో ముందుగా చెప్పకుండా ఎంచి, వేరే మనిషిని మళ్లీ పంపండి. అతను మొత్తం ప్రశ్నావళి అడగక్కర్లేదు. మూడు రకాల ప్రశ్నలు చాలు. మారే వీల్లేనివి కొన్ని: ఇంట్లో ఎంతమంది పిల్లలు, పాప ఏ తరగతి. ఇవి తప్పితే మొదటివాడు ఆ ఇంటికి వెళ్లాడా అన్నదే అనుమానం. నైపుణ్యంతో రాబట్టాల్సినవి కొన్ని: పిల్లవాడి చదువు స్థాయి, భూమి. ఇవి తప్పితే మళ్లీ శిక్షణ ఇవ్వాలి. అభిప్రాయాలు కొన్ని. ఎవరు అడిగినా ఇవి మారిపోతుంటే తప్పు ఎన్యూమరేటర్‌ది కాదు, ప్రశ్నది. మళ్లీ వెళ్లడం ఎంత త్వరగా జరిగితే అంత మంచిది. నెల తర్వాత వెళ్తే మారింది జవాబో, జీవితమో చెప్పలేం.

ఇంట్లో కూర్చుని ఫారాలు నింపేయడం గురించి కూడా మాట్లాడుకోవాలి. బ్రిటన్‌లో మనస్తత్వవేత్త సిరిల్ బర్ట్ వేరువేరు ఇళ్లలో పెరిగిన కవల పిల్లల తెలివితేటల మీద ప్రచురించిన లెక్కల్లో సహసంబంధం (రెండు కొలతలు ఎంతవరకు కలిసి నడుస్తాయో చూపే అంకె) 1955లో 21 జంటలకు 0.771. 1966లో 53 జంటలకూ 0.771. జంటలు రెట్టింపు దాటినా మూడో దశాంశం కదలకపోవడాన్ని లియోన్ కామిన్ 1970లలో ఎత్తి చూపాడు. బర్ట్ కావాలనే చేశాడా, అజాగ్రత్తా అన్న వాదన ఆగలేదు గానీ, ఆ అంకెల మీద ఎవరూ ఆధారపడలేని స్థితి వచ్చింది. నిజమైన డేటా ఎగుడుదిగుడుగా ఉంటుంది. మరీ నున్నగా ఉంటే అనుమానించండి.

అయితే దొంగ ఫారాలకు బాధ్యత చాలాసార్లు పని చేయించేవాళ్లదే. ఫారానికి ఇంత అని డబ్బులిస్తే, చార్జీలు సరిగ్గా ఇవ్వకపోతే, రోజుకు ఒక మనిషి చేయగలిగినదానికి రెట్టింపు టార్గెట్ పెడితే ఎండలో తిరిగే కుర్రవాడు ఏం చేయగలడు? రోజు కూలి లెక్కన ఇవ్వండి. 'ఇల్లు దొరకలేదు' అని రాసినా డబ్బు తగ్గదని ముందే చెప్పండి. ఇద్దరేసి చొప్పున పంపండి. గైడ్ సొంత పరిశోధన పనిని జీతం లేకుండా బి.ఎడ్. విద్యార్థుల చేత చేయించడం నా దృష్టిలో తప్పు, డేటా పరంగా కూడా.

ఏడో అడుగు: ఏ కొలతకు ఏ గుణకం

ఇక్కడికి వచ్చాకే ఎస్‌పీఎస్‌ఎస్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్ తెరవాలి. ప్రతిదానికీ ఆల్ఫా కాదు.

తల్లిదండ్రుల వైఖరి లాంటిది చాలా ప్రశ్నలు కలిపి ఒక స్కోరు చేస్తే క్రోన్‌బాక్ 1951లో ఇచ్చిన ఆల్ఫా సరిపోతుంది. ఒప్పు, తప్పు మార్కులున్న పరీక్షకు 1937 నాటి కుడర్–రిచర్డ్‌సన్ 20వ సూత్రం. మామూలుగా 0.70 దాటితే పరిశోధనకు చాలంటారు. కానీ ప్రశ్నలు పెంచుకుంటూ పోతే ఆల్ఫా దానంతటదే పెరుగుతుంది. ఒకే ప్రశ్నను ఆరు రకాలుగా అడిగినా పెరుగుతుంది. ప్రశ్నలన్నీ ఒకే విషయాన్ని కొలుస్తున్నాయని అది రుజువు చేయదు. ఇంటి వివరాలు, భూమి, పిల్లల సంఖ్య లాంటి వాస్తవాలకు ఆల్ఫా పెట్టడం అర్థం లేని పని. వాటికి రెండోసారి వెళ్లినప్పుడు వచ్చిన ఏకీభావమే విశ్వసనీయత.

పరీక్షను రెండు సగాలుగా విడదీస్తే వచ్చే సహసంబంధం సగం పరీక్షదే కాబట్టి స్పియర్‌మన్–బ్రౌన్ సూత్రంతో సరిచేయాలి. సగాల మధ్య 0.60 వస్తే, దాన్ని రెట్టింపు చేసి 1.60తో భాగించాలి. 0.75 వస్తుంది. అదే పరీక్ష మళ్లీ పెట్టాలంటే మధ్యలో ఎడం ముఖ్యం. రెండు రోజులకే పెడితే పిల్లలు గుర్తుపెట్టుకుని చెబుతారు, మూడు నెలలు ఆగితే నిజంగానే నేర్చుకుని ఉంటారు. రెండు వారాల దగ్గర, సమాన స్థాయి వేరే ప్రతితో పెట్టడం మేలు.

ఒక్కో పిల్లవాడి స్కోరు ఎంత అటూ ఇటూ ఊగవచ్చో కూడా చెప్పండి. ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చూపే అంకె) 10, విశ్వసనీయత 0.84 అయితే, 1 నుంచి 0.84 తీసేసిన 0.16కు వర్గమూలం 0.4, దాన్ని 10తో గుణిస్తే 4. అంటే 52 వచ్చిన పాపకూ 55 వచ్చిన బాబుకూ తేడా ఉందని గట్టిగా చెప్పలేం. ఇది తెలిసిన పరిశోధకుడు పిల్లల్ని ర్యాంకుల వారీగా నిలబెట్టడు, హెడ్మాస్టర్ అడిగినా పేర్లతో జాబితా ఇవ్వడు.

ఎనిమిదో అడుగు: థీసిస్‌లో ఏం రాయాలి

ఆ రెండు వాక్యాల పేరా స్థానంలో రెండు పేజీలు రాయండి. ఎన్ని ఇళ్లు ఎంచాం, ఎన్ని దొరికాయి, దొరకనివి ఎందుకు దొరకలేదు. ఎన్యూమరేటర్లు ఎవరు, ఎన్ని రోజుల శిక్షణ, మార్కులు వేయడంలో ఏకీభావ శాతం, కప్పా ఎంత, ఎంతమంది పిల్లల మీద. మళ్లీ వెళ్లిన ఇళ్లు ఎన్ని, ఏ ప్రశ్నలో ఎంత తేడా వచ్చింది. తీసేసిన ఫారాలు ఎన్ని, ఎందుకు. స్కేళ్లకు ఆల్ఫా, అది వేరే రాష్ట్రంలో ఇంకెవరికో వచ్చింది కాదు, మీ నమూనాలో వచ్చింది. యాస, దిద్దుకోవడం, పక్కవాళ్లు అందించడం మీద మీరు పెట్టుకున్న నియమాలను అనుబంధంలో యథాతథంగా ఇవ్వండి. ఇంకో మండలంలో ఇంకో విద్యార్థి అదే పని చేయాలంటే వాడికి కావలసింది అదే.

తేడా ఎక్కువ వచ్చిన ప్రశ్నలు దాచకండి. 'కూలి రోజుల ప్రశ్నకు రెండోసారి వచ్చిన జవాబులు చాలా ఇళ్లలో కలవలేదు, అందుకే ఆ చరాన్ని విశ్లేషణలో వాడలేదు' అని రాసిన థీసిస్‌ను వైవాలో పరీక్షకుడు ఆ ప్రశ్న మీద నిలదీయవచ్చు. అప్పుడు రెండోసారి వెళ్లిన ఇళ్ల ఫారాలు బల్ల మీద పెట్టి చూపించండి.